అలుగుచెర్ల వారు: ఒక కల్పిత సామంత కుటుంబానికి పేరూ వంశమూ సమకూర్చిన కేస్ స్టడీ

ఈ కేసు ఒక తెలుగు ఫాంటసీ నవలలోని చిన్న సామంతుడికి సంబంధించినది. రచయిత్రి అనుమతితో, ఆమె పేరూ నవల పేరూ బయటపెట్టకుండా, మేమిద్దరం కలిసి చేసిన పనిని ఇక్కడ వివరంగా నమోదు చేస్తున్నాను. కల్పిత ప్రపంచాల నిర్మాణంలో రచయితలకు తోడ్పడే సంపాదకుడిగా నేను చూసే చిత్తుప్రతుల్లో రాజులూ రాణులూ మాంత్రికులూ సాధారణంగా బాగానే ఉంటారు. రాజుకూ రైతుకూ నడుమ నిలబడవలసిన మనిషి దగ్గరికి వచ్చేసరికి కథ పలచబడుతుంది. ఈ నవలలోనూ అదే జరిగింది. పన్నెండు గ్రామాలు, ఒక పెద్ద చెరువు, ఒక మట్టికోట ఉన్న ఆ సామంతుడి ఇంట్లోనే కథ సగభాగం నడుస్తున్నా, ముందుగా చదివిన మిత్రులు అతణ్ణి సేనాపతితో పొరబడుతున్నారని, అతనెవరో తెలుసుకోవడానికి పేజీలు వెనక్కి తిప్పుకోవలసి వస్తోందని రచయిత్రి చెప్పారు.

అప్పటికి అతని పేరు వజ్రసింహ భూపతి. రాజు విక్రమసింహుడు, సేనాపతి రణసింహుడు, పొరుగు రాజ్యపు యువరాజు జయసింహుడు. విడివిడిగా చూస్తే ఏ పేరుకూ వంక పెట్టలేము. కలిపి చూస్తే మాత్రం ఆ ప్రపంచంలో ఎవరు ఎక్కడివారో, ఎవరి చేతికింద ఎవరున్నారో ఒక్క పేరూ చెప్పదు. వజ్రసింహుడికి తండ్రి ఉన్నాడు కాని తాత లేడు. కోట ఉంది కాని ఆ కోట అతనికి ఎలా వచ్చిందో లేదు. బిరుదు ఉంది కాని దాని వెనుక పని లేదు. పేరు మార్చితే సరిపోతుందని రచయిత్రి అనుకున్నారు. కుటుంబాన్ని కట్టకుండా పేరు పెట్టలేమని నేను చెప్పాను. ఈ కేసులో మేము చేసినదంతా ఆ ఒక్క మాటను ఆచరణలో పెట్టడమే.

చిత్తుప్రతిలో ఒక అందమైన కల్పన ఉంది. ఆ లోకంలో ప్రతి పెద్ద చెరువు కట్ట కింద ఒక కట్టపాము నివసిస్తుంది. రాజ్యాల కంటే పాతదైన ఆ పాము కట్టను లోపలినుంచి పట్టి ఉంచుతుంది. ఏడాదికొకసారి, తొలి వరద రాకముందు, చెరువు తవ్వించిన వంశంవారు కట్ట మీద నిలబడి తమ పూర్వుల పేర్లను వరుసగా చెప్పాలి. పాము పలికితే కట్ట నిలుస్తుంది. ఈ కల్పన మొదటి ప్రతిలో అడవిలోని ఒక ముని చెప్పే పాతకథగా మాత్రమే ఉండేది. సామంతుడితో దానికి సంబంధమే లేదు. దాన్ని మునినుంచి తీసి సామంతుడి ఇంటికి చేర్చడం మా మొదటి నిర్ణయం. ఆ తర్వాత పేరు అనేది అలంకారంగా ఉండే వీలు పోయింది. పేర్ల వరుస తప్పితే పన్నెండు గ్రామాలు మునుగుతాయి.

పనికి ఎంచుకున్న పద్ధతి

చిన్న సామంతుల గురించి మనకు తెలిసినది చాలావరకు శాసనాల వల్ల తెలిసినదే. రాజుల చరిత్రకు కూడా ఒక్కోసారి ఆ చిన్నవాళ్లే సాక్షులు. రుద్రమదేవి మరణాన్ని నిర్ధారించడానికి ఆధారమైన 1289 నాటి చందుపట్ల శాసనం వేయించినవాడు రాజబంధువు కాడు. మల్లికార్జున నాయకుడి భృత్యుడైన పువ్వుల ముమ్మడి. తన ప్రభువుకూ మహారాణికీ శివలోకప్రాప్తి కలగాలని అతను చేసిన భూదానం వల్లనే మనకు ఆ సంవత్సరం తెలిసింది. ఇటువంటి మనుషులను కల్పించాలంటే వారు తమ గురించి తాము రాయించుకున్నట్టు ముందు రాయాలి అనేది నా నమ్మకం. అందుకే ప్రతి కుటుంబానికీ మూడు పత్రాలు తయారు చేయిస్తాను.

మొదటిది దానశాసనం. ఇందులో కుటుంబం తన గురించి తాను చెప్పుకోదలచినది మాత్రమే ఉంటుంది. రెండవది కైఫీయత్తు. కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ వారి అనుచరులూ ఊరూరా సేకరించిన స్థానిక చరిత్రల తీరులో, కొన్ని తరాల తర్వాత ఆ ఊరి కరణం చెప్పినట్టు రాసే వృత్తాంతమది. ఎవరు ఎన్నేళ్లు అనుభవించారో, ఎవరి కాలంలో చెరువు తెగిందో, ఏ మాన్యం ఎవరి చేతిలోనుంచి ఎవరి చేతికి పోయిందో అందులో పొగడ్త లేకుండా ఉంటుంది. మూడవది పాట. ఆ కుటుంబం వల్ల బాగుపడినవాళ్లో, దెబ్బతిన్నవాళ్లో పాడుకునేది. ఈ మూడూ ఒకే సంఘటనను చెప్పాలి, మూడు చోట్లా అది వేరుగా ఉండాలి. ఆ తేడాల్లోనుంచి కథ పుడుతుంది. మూడింటినీ నవలలో పెట్టమని నేను చెప్పను. రచయిత మనసులో అవి ఉంటే చాలు.

ఊరు, చెరువు, ఆదాయం

ఇంటిపేరు కంటే ముందు ఊరు కావాలి. రచయిత్రి చేత ముందుగా ఆ పన్నెండు గ్రామాల పటం గీయించాను. పడమట గుట్టలు, వాటి కింద పెద్దచెరువు, ఆ చెరువు నిండి అలుగు (మిగులు నీరు బయటికి పోయే కట్టడం) పారితే ఆ నీరు కిందనున్న కుర్తివాడ చెరువులోకి, అక్కడినుంచి మరో కుంటలోకి చేరుతుంది. కాకతీయుల నాటినుంచి తెలంగాణలో చూసే గొలుసుకట్టు చెరువుల పద్ధతి ఇదే. ఒక చెరువు ఏలికకు పై చెరువు ఏలికతో ఉండే భయమూ, కింది చెరువు ఏలికతో ఉండే బాధ్యతా ఈ పటంలోనే కనిపిస్తాయి. పటం పూర్తయ్యాక ఊరికి అలుగుచెర్ల అనే పేరు రచయిత్రే పెట్టారు. సామంతుడి ఇంటిపేరు కూడా అదే అయింది.

ఆదాయం లెక్క మీద మేము ఎక్కువ సమయం గడిపాము. చిన్న ప్రభువు అంటే ఎంత చిన్న? రాజు పిలిస్తే నలభై గుర్రాలూ రెండు వందల కాల్బలమూ తీసుకురావాలనేది నవలలో అతని మీద ఉన్న బాధ్యత. కాకతీయుల నాయంకర పద్ధతిలో గ్రామాల ఆదాయం అనుభవించే నాయకుడు రాజుకు సైన్యం సమకూర్చవలసి ఉండేది; దాన్నే నమూనాగా తీసుకున్నాము. నలభై గుర్రాలకు దాణా ఎక్కడినుంచి వస్తుంది, కట్ట మరమ్మతు చేసేవారికి ఏ పొలం దశబంధంగా, అంటే చెరువు పనికి ప్రతిఫలమైన మాన్యంగా, వదలాలి, తూము తిప్పే నీరటికాడికి ఎంత మాన్యం ఉండాలి అని లెక్క వేసుకుంటూ పోతే, వానలు తప్పిన ఏడాది అతను గుర్రాలనైనా తగ్గించాలి, కట్ట మరమ్మతునైనా ఆపాలి అని తేలింది. మొదటి ప్రతిలో వజ్రసింహుడు విందులు చేస్తూ కనిపించేవాడు. ఈ లెక్క తర్వాత అతను ప్రతి అధ్యాయంలోనూ దేన్నో ఒకదాన్ని వాయిదా వేస్తూ కనిపించసాగాడు. అతని స్వభావం గురించి మేము విడిగా చర్చించవలసిన అవసరమే రాలేదు.

మనిషి పేరు

ఇంటిపేరు వచ్చాక సొంతపేరు. ఇక్కడ కొండవీటి, రాజమహేంద్రవరం రెడ్డిరాజుల పేర్లు మాకు బాగా ఉపకరించాయి. ఆ వంశాల్లో వేమారెడ్లు చాలామంది. ప్రోలయ వేముడు, అనవేముడు, పెదకోమటి వేముడు, రాచవేముడు, కాటయ వేముడు, అల్లయ వేముడు అని ముందొక పేరు చేర్చి చెప్పుకుంటే తప్ప ఎవరు ఎవరో తెలియదు. అందులో కాటయ, అల్లయ వంటివి తండ్రుల పేర్లనుంచి వచ్చినవి. తాత పేరు మనవడికి పెట్టే ఆచారం ఉన్న చోట పేర్లు తిరిగి తిరిగి రావడం సహజం. చాలామంది ఫాంటసీ రచయితలు పాఠకుడు తికమకపడతాడనే భయంతో ఒక వంశంలో రెండోసారి ఒకే పేరు రానివ్వరు. ఆ భయం వల్ల వంశాలన్నీ నిన్న మొన్న పుట్టినట్టు కనిపిస్తాయి.

అందుచేత మా సామంతుడు బొల్లయ అయ్యాడు; తండ్రి కాచయ. పత్రాల్లో అతను అలుగుచెర్ల కాచయ బొల్లయ. వంశంలో బొల్లయలూ కాచయలూ ఒకరి తర్వాత ఒకరు వస్తారు. ఒక్క చోట మాత్రం బొల్లయ తర్వాత మళ్లీ బొల్లయే వస్తాడు. ఈ ఆలోచనకు ఆధారం బయ్యారం చెరువు శాసనం. గణపతిదేవుడి సోదరి మైలాంబ వేయించిన ఆ శాసనంలో కాకతీయుల తొలి పూర్వులుగా వెన్నభూపతి తర్వాత వరుసగా ముగ్గురు గుండరాజులు కనిపిస్తారు; ఆ ముగ్గురినీ పరశురామ, దశరథరామ, బలరాములతో పోల్చారు. ఒకే పేరు మూడుసార్లు రావడాన్ని లోపంగా తలచకుండా ఘనతగా చెప్పుకున్న ఆ తీరు నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. వరుసగా వచ్చే ఇద్దరు బొల్లయలు ఎందుకు ఉన్నారనే ప్రశ్నకు రచయిత్రి చెప్పిన సమాధానమే తర్వాత నవలకు కీలకమైంది. దాని సంగతి తర్వాత వస్తుంది.

పేరు చివర ఏమి పెట్టాలన్న విషయంలో మాత్రం నేను గట్టిగా పట్టుబట్టాను. చిత్తుప్రతి మార్పుల్లో ఒక దశలో అతను బొల్లమరెడ్డి, మరో దశలో బొల్లమనాయుడు. కాకతీయుల కాలంలో నాయక అనేది రకరకాల నేపథ్యాలవారు ధరించిన హోదా; నేటి పాఠకుడు మాత్రం ఆ పదాలను ఒక కులానికి గుర్తుగానే చదువుతాడు. కల్పిత లోకంలోని సామంతుడి మంచిచెడ్డలను నేడు బతికి ఉన్న ఏ సమాజానికో అంటగట్టే పరిస్థితి తెచ్చుకోకూడదు. అదే కారణంతో, ఇంటిపేరు విషయంలో కూడా ప్రసిద్ధ సంస్థానాల, జమీందారీల ఇంటిపేర్లకు దగ్గరగా వినిపించేవాటిని మొదటే తీసేశాము. ఈ పరిశీలన ప్రతి తెలుగు ఫాంటసీ రచయితా చేయాలని నా గట్టి అభిప్రాయం. మన దగ్గర ఇంటిపేర్లు ఇంకా జీవించి ఉన్నాయి, వాటి వెనుక మనుషులు ఉన్నారు.

బిరుదులు

సామంతుడి బిరుదులు రెండు రకాలుగా ఏర్పడతాయి. ఒకటి వంశం ఎక్కడినుంచి వచ్చిందని చెప్పుకునేది, రెండవది ఎవరో చేసిన ఒక పని.

మొదటి రకానికి తెలుగు చోడులు చక్కని ఉదాహరణ. పొత్తపిలోనూ నెల్లూరులోనూ కందూరులోనూ ఏలిన వారు కూడా తమను ఒరయూరు పురవరాధీశ్వరులుగా, కరికాలుడి వంశీయులుగా చెప్పుకున్నారు. కావేరీతీరంలోని ఆ నగరం వారి చేతిలో లేదు. చేతిలో లేని నగరాన్ని పేరులో మోసుకు తిరగడమనే ఈ ఆచారం ఫాంటసీకి ఎంత పనికి వస్తుందో చెప్పనక్కరలేదు. అలుగుచెర్ల వారు తమను పొన్నేటిపురవరాధీశ్వరులుగా చెప్పుకుంటారు. పొన్నేటిపురం ఎప్పుడో నీట మునిగిన నగరం. అది నిజంగా ఉండేదా అన్నది నవలలో ఎవరికీ తెలియదు, ఒక్క కట్టపాముకు తప్ప.

రెండవ రకానికి మల్యాల చౌండ సేనాని ఉన్నాడు. కృష్ణానది సముద్రంలో కలిసే చోటనున్న దివి మీద కాకతీయ సైన్యం దాడి చేసినప్పుడు దాన్ని కొల్లగొట్టినందుకు అతనికి దివిచూరకార అనే బిరుదు వచ్చింది. మల్యాలవారికి అది కీర్తి. దివిలో ఇల్లు పోగొట్టుకున్నవాడికి ఆ మాట ఎలా వినిపించి ఉంటుంది? బిరుదును కల్పించేటప్పుడు ఈ రెండవ చెవిని తప్పక గుర్తుంచుకోవాలి. అలుగుచెర్ల వారి బిరుదు రేయికట్టగండ. ముత్తాత బొల్లయ ఒక వరదరాత్రి తెల్లవార్లూ కట్ట మీద నిలబడి చెరువును కాపాడాడని శాసనం చెబుతుంది. కుర్తివాడలో మాత్రం ఆ కుటుంబాన్ని అలుగుకోత వారు అంటారు. ఆ రాత్రి కట్ట మీది బరువు తగ్గించడానికి ఎవరో అలుగును పగలగొట్టి నీటిని కిందికి వదిలారు. కుర్తివాడ చెరువు తెగి, ఊరు సగం కొట్టుకుపోయింది.

ఈ దశలో రచయిత్రి రాసిన శాసనపాఠం నుంచి కొంత భాగాన్ని ఇక్కడ ఇస్తున్నాను:

“స్వస్తి. సమధిగత పంచమహాశబ్ద మహాసామంత, పొన్నేటిపురవరాధీశ్వర, రేయికట్టగండ నామాది సమస్త ప్రశస్తి సహితులైన అలుగుచెర్ల కాచయ బొల్లయగారు తమ తల్లి మాచమకు పుణ్యముగాను పెద్దచెరువునకు తూర్పుతూము కట్టించి, ఆ తూము క్రింద పుట్టెడు నేల కట్టపాము కొలువునకు ఆచంద్రార్కస్థాయిగా ఇచ్చిరి. ఈ ధర్మువు తప్పినవారు తాము కట్టిన కట్ట తామే త్రవ్వినవారు.”

చివరి వాక్యం రచయిత్రి సొంతం. మన శాసనాల్లో దానభూమిని అపహరించినవాడు అరవై వేల ఏళ్లు అశుద్ధంలో పురుగై పుడతాడనే శ్లోకం తరచుగా కనిపిస్తుంది. ఆ శాపం స్థానంలో ఆ లోకానికి, ఆ చెరువుకు, ఆ కుటుంబం దాచుకున్న రహస్యానికి సరిపోయే శాపాన్ని ఆమె పెట్టారు. దాన్ని చదివిన రోజున ఈ కుటుంబం నిలబడిందని నాకు నమ్మకం కలిగింది.

ఇద్దరు బొల్లయలు

శాసనంలో వరదరాత్రి నాటి బొల్లయ ఒక్కడే. కైఫీయత్తు రాస్తున్నప్పుడు, కరణం గొంతుతో ఏళ్ల లెక్క వేసుకుంటూ పోతే, ఆ బొల్లయ ఏలుబడి మరీ పొడవుగా తేలింది. అతను పసితనంలో పట్టానికి వచ్చి ముసలితనం దాకా ఉన్నాడని సర్దుకోవచ్చు. లేదా ఇద్దరు ఉండి ఉండాలి. రచయిత్రి రెండవ దారి ఎంచుకున్నారు. అన్న బొల్లయ కట్ట మీద నిలబడి ఆ రాత్రే వరదలో పోయాడు. అలుగు పగలగొట్టినవాడు తమ్ముడు. తెల్లవారాక అతను అన్న పేరునూ, అన్న చేసిన పని వల్ల వచ్చిన బిరుదునూ కూడా తీసుకుని ఏలాడు. అతని సొంతపేరు ఏమిటో ఏ పత్రంలోనూ లేదు. కుటుంబం ఆ ఇద్దరినీ ఒక్కరిగా చెప్పుకుంటూ వచ్చింది. కట్టపాముకు మాత్రం ఇద్దరూ గుర్తున్నారు. కొన్ని తరాలుగా అది పలకడం తగ్గిపోవడానికి, కట్ట నెమ్మదిగా జారిపోతుండడానికి కారణం ఇదే.

దీన్ని కనిపెట్టేది ఎవరు? మొదటి ప్రతిలో సామంతుడి అక్క మగవేషం వేసుకుని యుద్ధానికి వెళ్లే పాత్ర. ఆమెను ఎల్లసానిగా మార్చి, కుర్తివాడ ఏలిక ఇంటికి కోడలిని చేశాము. కాకతీయుల కాలపు సామంత కుటుంబాల స్త్రీలు దేవాలయాలు కట్టించారు, చెరువులు తవ్వించారు, తమ పేరిట శాసనాలు వేయించారు. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో బేతిరెడ్డి భార్య ఎఱకసాని 1208లో కట్టించిన ఎఱకేశ్వరాలయం అందరికీ తెలిసినదే. బయ్యారం శాసనంలోని మైలాంబ నతవాడి అనే సామంత వంశం వారి కోడలు. అయినా తాను వేయించిన శాసనంలో పుట్టింటి వంశావళిని తరతరాలుగా చెప్పింది. మెట్టినింటికి వెళ్లిన ఆడపడుచు పుట్టింటి పేర్లను అందరికంటే జాగ్రత్తగా కాపాడడమనే విషయాన్ని ఎల్లసాని పాత్రకు పునాదిగా వాడుకున్నాము. ఆమె చిన్నప్పుడు పుట్టింట్లో శాసనం కంఠస్థం చేసింది. అత్తింట్లో పొలం పనుల దగ్గర అలుగుకోత పాట విన్నది. పాటలో ఇద్దరు అన్నదమ్ములున్నారు. రెండూ తెలిసినది ఆమె ఒక్కతే.

మగవేషం తీసివేయడం గురించి రచయిత్రికి కొంత బాధ కలిగింది. కట్ట మీద పేర్లు చెప్పవలసిన ఘట్టంలో ఎల్లసానిని అలుగుచెర్ల వారి వరుసలో నిలబెట్టే మార్గం ఏమిటన్నది అసలు చిక్కు. రుద్రమను శాసనాలు రుద్రదేవ మహారాజుగా పేర్కొన్న సంగతి రచయిత్రికి గుర్తు చేశాను. అక్కడ దాపరికం అక్కరలేదు. రుద్రమ స్త్రీ అని తెలిసిన మనుషులే ఆ పేరుతో ఆమె ఆజ్ఞలు పాటించారు. నవల చివర ఎల్లసాని కట్ట మీద నిలబడి, అందరూ చూస్తుండగా, తనను కాచయ ఎల్లయగా చెప్పుకుని వరుస మొదలుపెడుతుంది. ఇద్దరు బొల్లయల దగ్గర ఆగి, ఇద్దరినీ విడివిడిగా చెబుతుంది.

నలుగురి నోట

పత్రాల్లో పేరు ఒకటి, నోట పేరు ఒకటి. దీనికోసం ఒక పట్టిక వేసి, నవలలోని ప్రతి పాత్రా బొల్లయను ఏమని పిలుస్తుందో ముందే నిర్ణయించాము. రాజు కొలువులో అతను “అలుగుచెర్ల బొల్లడు” మాత్రమే. రాజముద్ర వేసిన ఆజ్ఞాపత్రంలో గౌరవవాచకం ఉండదు. కరణం “ఏలినవారు” అంటాడు. రైతులు ఎదుట “దొరా” అంటారు, చాటున కట్టకు మరమ్మతు జరిగిన ఏడాది “మన బొల్లయ” అనీ, జరగని ఏడాది “కోటలోవాడు” అనీ అంటారు. పెంచిన దాది “నాయనా” అంటుంది. అక్క ఒక్కతే “ఒరే బొల్లా” అనగలదు. అన్నిటికంటే కష్టమైనది కుర్తివాడ బావగారి మాట. బొల్లయ అతణ్ణి “బావా” అంటే, అతను “అలుగుచెర్ల వారూ” అని బదులిస్తాడు. చుట్టరికం ఉన్నా వరస పెట్టి పిలవకపోవడంలో ఉన్న దూరం తెలుగు పాఠకుడికి వేరే వివరణ లేకుండా అందుతుంది. ఆ బావ నోటినుంచి “బావమరిదీ” అనే పిలుపు ఎక్కడ రావాలో రచయిత్రి చాలా ఓపికగా ఎదురుచూసి పెట్టారు. అక్కడ వారిద్దరి మధ్య సంభాషణ రెండు వాక్యాలకు మించదు.

జనం పెట్టే పేరు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. జనం జ్ఞాపకం ప్రభువు కోరిన పేరును నిలుపుతుందనే హామీ లేదు. పాలంపేటలో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రుద్రేశ్వరాలయాన్ని, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినప్పుడు కూడా, లోకం రామప్ప గుడిగానే చెప్పుకుంది. రామప్ప శిల్పి పేరని ప్రతీతి. మా నవలలోనూ పెద్దచెరువును జనం బొల్లయ చెరువు అనరు. కట్ట కట్టిన ఒడ్డెవారి పెద్ద పేరుతో పిలుస్తారు. ఈ వివరం కథకు పనికొచ్చే సందర్భం మొదటి సంపుటంలో రాలేదు. అయినా దాన్ని ఉంచమని నేను కోరాను. బొల్లయ ఆ పేరు వినిన ప్రతిసారీ కొంచెం ఆగి మాట్లాడతాడు. అంత చాలు.

చదివించి చూశాక

మార్చిన అధ్యాయాలను ఇదివరకు చిత్తుప్రతి చూడని పాఠకులకు ఇచ్చాము. సామంతుడు ఎవరన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. అతని మీద కోపం తెచ్చుకున్నవాళ్లూ, జాలిపడినవాళ్లూ సమానంగా కనిపించారు. కట్ట మరమ్మతు డబ్బును గుర్రాలకు మళ్లించిన అధ్యాయం మీద వాదనలే జరిగాయి. ఫిర్యాదులు కూడా వచ్చాయి. శాసనపాఠం మూడు చోట్ల ఉండడం భారమైందన్నారు. దాన్ని ఒక్క చోటికి, మొదటి అధ్యాయంలో ఎల్లసాని దాన్ని బాలికగా వల్లించే సందర్భానికి, పరిమితం చేశాము. కైఫీయత్తు మొత్తాన్ని పుస్తకంలోనుంచి తీసేశాము. రచయిత్రి దగ్గర అది ఉంది, కరణం మాట్లాడే ప్రతి వాక్యంలోనూ దాని జాడ ఉంది.

కొందరు పుస్తకం మొదట్లో వంశవృక్షం కావాలన్నారు. ఒకే పేరు మళ్లీ మళ్లీ వచ్చే కుటుంబానికి అది న్యాయమైన కోరికే. రచయిత్రి ఒప్పుకోలేదు, నేనూ ఆమె పక్షమే. వృక్షంలో ఒక బొల్లయను చూపితే అది అబద్ధం. ఇద్దరిని చూపితే రహస్యం మొదటి పేజీలోనే బయటపడుతుంది. దానికి బదులు ప్రతి బొల్లయకూ అతని పనితో కలిపి ఒక గుర్తు ఇచ్చాము. చెరువు తవ్వించిన బొల్లయ, రేయికట్ట బొల్లయ, కాచయ బొల్లయ అని పాత్రలు మాట్లాడుకున్నట్టే పాఠకుడూ గుర్తుపెట్టుకుంటాడు.

రెండవ సంపుటానికి మిగిలిన పని కుటుంబం చీలడం. ఎల్లసాని కట్ట మీద వరుస చెప్పిన తర్వాత కట్టపాము కొలువు హక్కు ఆమె సంతానానికి వస్తుంది. కోటా గ్రామాలూ బొల్లయ సంతానానికి ఉంటాయి. రేచర్ల పద్మనాయకులు రాచకొండ శాఖగా, దేవరకొండ శాఖగా విడిపోయినప్పుడు వంశనామం ఒకటిగానే ఉండి, పీఠమైన దుర్గం పేరుతో ఎవరు ఎవరో తెలిసింది. ఆ పద్ధతినే ఇక్కడా అనుసరిస్తున్నాము. బొల్లయ కొడుకులు కోట అలుగుచెర్ల వారు, ఎల్లసాని పిల్లలు కట్ట అలుగుచెర్ల వారు. పొన్నేటిపురవరాధీశ్వర బిరుదు రెండు శాఖలూ వాడతాయి. రేయికట్టగండ ఎవరిదన్న వివాదంతో రెండవ సంపుటం మొదలవుతుంది. దానికి కావలసిన రెండు దానశాసనాలను, ఒకదానికొకటి ఎదురుగా, రచయిత్రి ఇప్పుడు రాస్తున్నారు.